మా బావ వడకట్టిన నీళ్ళు

మా బావ గురించి ఎవరడిగినా ముందు ఒకే మాట చెబుతాను: మనిషి మంచివాడు, మాట మాత్రం నమ్మకండి. అక్క మొగుడు కదా అని వెనకేసుకురావడం నా వల్ల కాదు. ఆ ఓపిక అక్క పెళ్ళయిన మొదటి వారంలోనే అయిపోయింది. కోతలు కోయడం ఒక ఉద్యోగమైతే ఆయన ఈపాటికి పెన్షను తీసుకుంటూ ఉండేవాడు.

ఆయన చేసే పని నిజానికి చాలా మామూలుది. నీళ్ళ కంపెనీ లారీ పొద్దున్నే వచ్చి వీధి చివర క్యాన్లు దించిపోతుంది. వాటిని మూడు చక్రాల బండిలో వేసుకుని ఇంటింటికీ తిరగాలి. నిండు క్యాను భుజానికెత్తుకుని మెట్లెక్కాలి, వంటగదిలో స్టాండు మీద బోర్లించాలి, ఖాళీది పట్టుకుని దిగిపోవాలి. అంతే. ఇందులో గొప్పలు చెప్పుకోవడానికి ఏముందని మీకూ నాకూ అనిపిస్తుంది. ఆయనకి అలా అనిపించలేదు.

వీధిలో అందరూ ఆయన్ని సైంటిస్టు అంటారు. ఆ పేరు ఎవరూ పెట్టింది కాదు. ఆయనే పెట్టుకుని, "జనం నన్ను సైంటిస్టు అంటున్నారు, వద్దన్నా వినరు" అని కనపడ్డవాళ్ళందరితో చెప్పి చెప్పి, చివరికి అనిపించుకున్నాడు.

మూడో అంతస్తులో రిటైర్డు హెడ్మాస్టరు గారుంటారు, మోకాళ్ళ నొప్పుల మనిషి. ఒకరోజు నేను మెట్ల మీద ఉండగా చూశాను. బావ ఆయన గుమ్మం ముందు క్యాను దించి, వేళ్ళతో టకటకా కొట్టి, చెవి ఆనించి, మొహం చిట్లించాడు.

"ఇది మీకొద్దు మాస్టారూ. మీ మోకాళ్ళకి ఈ నీళ్ళు బరువు" అని దాన్ని మళ్ళీ భుజానికెత్తుకుని కిందికి దిగాడు. బండి దగ్గర నిలబడి చెమట తుడుచుకున్నాడు. తర్వాత అదే క్యాను, అక్షరాలా అదే క్యాను, మళ్ళీ పైకి మోసుకొచ్చాడు. "ఇదీ మీ క్యాను!"

మాస్టారు ఒక గ్లాసు తాగి కళ్ళు మూసుకున్నారు. "తేడా తెలుస్తోందయ్యా" అన్నారు.

బావ కిందికి దిగుతుంటే పట్టుకున్నాను. "ఒక్క క్యానుకి రెండుసార్లు మూడంతస్తులు ఎక్కావు. నీకిదేం పోయేకాలం బావా?"

"నీకు తెలీదు మరదలా. క్యాను ఎవడైనా మోస్తాడు" అని కాలరెగరేసి వెళ్ళిపోయాడు.

ఇవన్నీ చిల్లర కోతలు. అసలు పెద్ద కోత వేరే ఉంది, అదే మిషను. కంపెనీ నీళ్ళని ఆయన ఉన్నవి ఉన్నట్టు ఇవ్వడట. ఇంటి వెనక రేకుల షెడ్డులో సొంత బుర్రతో తయారుచేసిన మిషను ఉందట. ప్రతి క్యానూ విప్పి అందులో పోసి, బొగ్గుతో ఒకసారి, రాగితో ఒకసారి, ఎవరికీ చెప్పకూడని ఇంకో పదార్థంతో మరోసారి వడకట్టి, తిరిగి నింపి తెస్తాడట. మిషను చూపించమంటే "కాపీ కొట్టేస్తారు" అనేవాడు. షెడ్డుకి తాళం, తాళంచెవి చొక్కా లోపలి జేబులో. రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే లోపలికెళ్ళి గడియ పెట్టుకుంటే మళ్ళీ టీ వేళకే బయటికి రావడం. ఆయన తెచ్చే క్యాన్లకి మూతి మీద కంపెనీ సీలు ఉండేది కాదు. అందువల్ల నిజంగానే విప్పి వడకడుతున్నాడని వీధి వీధంతా నమ్మింది. ఇంత చేసినా ఎవరి దగ్గరా పైసా ఎక్కువ అడగలేదు, అదొక్కటి ఒప్పుకోవాలి.

అందరికంటే ఎక్కువ నమ్మింది మా అక్క. అది అబద్ధం ఆడదు సరికదా, ఎదుటివాళ్ళు ఆడతారన్న ఊహే దానికి రాదు. నోట్లో నాలుక లేని మనిషి. మొగుడి మాట వస్తే మాత్రం ఎక్కడలేని గొంతూ వచ్చేది. ఆయన షెడ్డు తలుపు తీసుకుని వస్తుంటే నన్ను మోచేత్తో పొడిచేది.

"చూడవే, కళ్ళెలా ఎర్రబడ్డాయో. అంతా ఆ బొగ్గు దుమ్మే."

"చెంప మీద ఆ గీతలేంటక్కా?"

"పైపులకి చెంప ఆనించి నీళ్ళ చప్పుడు వింటారటే. పాపం, ఎంత కష్టమో."

నాకు అనుమానం రాలేదని కాదు. అయితే మిషను పనిచెయ్యదేమో అనుకున్నాను గానీ, మిషనే లేదని నాకూ తట్టలేదు. ఆయన అంత బాగా చెప్పేవాడు మరి.

అలా సాగిపోతుండగా ఎండలు ముదిరిన రోజుల్లో వీధంతా మంచాన పడింది. ముందు వాంతులు, విరేచనాలు. తిన్నదేదో పడలేదని ఎవరికి వాళ్ళు సర్దిచెప్పుకున్నారు. తర్వాత ఒక్కొక్కరికీ కళ్ళు పచ్చబడ్డాయి. నేను వీధి మొదట్లో జిరాక్సు షాపు నడుపుతాను. మిషను మీద తల వాల్చేసి, వచ్చినవాళ్ళతో "మీరే నొక్కుకోండి" అనే దాకా వచ్చింది నా పరిస్థితి. మా అక్కకి మరీ ముదిరి ఆసుపత్రిలో చేర్చాం. పసుపు పచ్చటి మొహంతో అది ఆ మంచం మీద పడుకుని ఉంటే నా ప్రాణం పోయినంత పనైంది. బావ కుర్చీ కదలకుండా దాని కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆ రోజుల్లో ఆయన ఒక్క కోత కూడా కోయలేదు.

ఆరోగ్య శాఖవాళ్ళు వచ్చి ఇళ్ళలో మిగిలిన క్యాన్ల నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్ష చేయించారు. అందులో మురుగు నీటి క్రిములున్నాయని తేలింది. ఆ మాట బయటికి పొక్కిందో లేదో, కంపెనీ లారీ ఒకటి వచ్చి, విప్పని క్యాన్లన్నీ ఎక్కించుకుని చక్కా పోయింది. ఆసుపత్రుల చుట్టూ తిరిగి విసిగిపోయిన జనం వినియోగదారుల కోర్టుకెళ్దామన్నారు. నా షాపు పైనే లాయరమ్మ ఆఫీసు. చూపు ముక్కు చివర కళ్ళద్దాల పైనుంచి, మాట సూదిలా. కంపెనీ మీద కేసు వేసింది. మొదటి సంతకం నాదే.

కంపెనీ ఇచ్చిన జవాబు చదివిన రోజు లాయరమ్మ నన్ను పైకి పిలిచింది.

"మా ప్లాంటులో నీళ్ళు అద్దంలా ఉన్నాయి, బయటికెళ్ళాకే చెడ్డాయి అంటున్నారమ్మా. మీ బావ క్యాన్లు విప్పి ఏదో మిషనులో పోస్తాడట కదా. పాడుచేసింది ఆయనే అంటున్నారు."

"వాళ్ళకెవరు చెప్పారండీ?"

"మీ వీధివాళ్ళే. ఎవరో మర్యాదస్తుల్లా వచ్చి అడిగారట. అందరూ గొప్పగా చెప్పి పంపించారు." కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఆ మిషను నిజమైతే కేసు గోవిందా. పైగా మీ బావ మెడకి చుట్టుకుంటుంది. వ్యాపారం పోవడంతో సరిపోదు, జైలు దాకా వెళ్ళొచ్చు."

నేను పెట్టిన సంతకమే మా బావ కొంప ముంచేట్టుంది.

ఈ సంగతి తెలిసేసరికి వీధి రంగు మారిపోయింది. నిన్నటిదాకా సైంటిస్టు అన్నవాళ్ళే "వాడూ వాడి మిషనూ, తగలెయ్య" అన్నారు. హెడ్మాస్టరు గారు బావని చూసి మొహమ్మీదే తలుపేసుకున్నారు. మూడు చక్రాల బండి గోడకి చేరబడింది. నేరుగా షెడ్డుకి వెళ్ళాను. లోపల సుత్తి చప్పుడు. తలుపు దబదబా బాదితే కొంచెం తెరిచి, నన్ను చూసి, చెయ్యి పట్టి లోపలికి లాగి మళ్ళీ గడియ పెట్టాడు.

ఒక మూల నవారు మంచం. దాని మీద పరుపు, రెండు దిండ్లు. తలాపున టేబుల్ ఫ్యాను. నడుమ నేల మీద ఎవరో పారేసిన నీలం డ్రమ్ము, దానికి రెండు పైపులు, పైన ఒక గరాటు, పక్కన బొగ్గుల సంచీ.

"ఏంటి బావా ఇది?"

"మిషను" అన్నాడు, సుత్తి ఎత్తిపట్టుకుని.

"ఇన్నాళ్ళూ ఉన్న మిషను ఇదేనా?"

సుత్తి దించి, దాంతో మంచం వైపు చూపించాడు. "ఇన్నాళ్ళూ ఉన్నది అదీ."

అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆ మంచం మీదే కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వాను. కామెర్ల నుంచి లేచిన ఒళ్ళు, పక్కటెముకలు పట్టేశాయి, అయినా ఆగలేదు. ఎర్రబడ్డ కళ్ళు! చెంప మీద గీతలు! ఓరి నాయనో, దిండు గీతలు!

"మరి సీళ్ళు?"

"గుమ్మం బయటే పీకి జేబులో కుక్కుకునేవాణ్ణి. సీలుంటే విప్పలేదని తెలిసిపోదూ? దాని కింద మూత మాత్రం కంపెనీ బిగించింది బిగించినట్టే ఉండేది. వాళ్ళ కళ్ళముందే తిప్పి తీసేవాణ్ణి. నేనే అంత గట్టిగా బిగించాననుకునేవాళ్ళు."

"మరి ఈ డ్రమ్మెందుకిప్పుడు?"

"కోర్టువాళ్ళొచ్చి చూస్తారట కదా. శుభ్రంగా, బ్రహ్మాండంగా ఒక మిషను చూపిస్తే, ఇంత మంచి మిషనులో నీళ్ళెలా పాడవుతాయని వాళ్ళకే తోస్తుంది."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయి ఒళ్ళు మండింది. "నీకు బుర్రుందా? నువ్వు మిషను చూపించిన మరుక్షణం కంపెనీ చేతులు దులిపేసుకుంటుంది. ఇంతమందిని ఆసుపత్రి పాలుచేసింది సైంటిస్టు గారేనని తీర్పు రాస్తారు. లేని నేరానికి సాక్ష్యం నువ్వే తయారుచేస్తున్నావా? కోర్టుకొచ్చి నిజం చెప్పు. ఒక్క క్యానూ విప్పలేదని చెప్పు!"

"వీధంతా ఉంటుంది మరదలా అక్కడ."

"ఉంటే?"

"తప్పు చేశాడంటే కొన్నాళ్ళు తిట్టి ఊరుకుంటారు. ఉత్త కోతలరాయుడంటే చచ్చేదాకా నవ్వుతారు."

"నవ్వనీ!"

ఆయన మంచం అంచున కూర్చుని సుత్తిని అటూ ఇటూ తిప్పాడు. "సరే, వాళ్ళు నవ్వనీ. మీ అక్కకి తెలుస్తుంది కదే" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "నేనంటే గొప్పగా అనుకునే మనిషి అదొక్కతే. మిగతావాళ్ళంతా నీళ్ళని చూశారు. అది నన్ను చూసింది. ఆ చూపు పోతే నేనెందుకు పనికొస్తాను?"

అక్కతో చెప్పనని మాటిచ్చాను. మాటివ్వకపోతే ఆయన నన్ను బయటికి వదిలేట్టు లేడు.

మర్నాడు అక్క దగ్గరికెళ్తే ఇంట్లో లేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక రెండడుగులు వేస్తే ఆయాసపడుతున్న మనిషి, గోడ పట్టుకుని మెట్లు దిగుతూ ఎదురొచ్చింది.

"ఎక్కడికెళ్ళావే ఈ ఒంటితో?"

"హెడ్మాస్టరు గారింటికి. క్షమాపణ అడిగొచ్చాను. రేపు పక్క మేడ వాళ్ళింటికెళ్తాను." నా భుజం ఆసరా తీసుకుని గొంతు తగ్గించింది. "ఆ రాగిదేదో చిలుం పట్టి ఉంటుందే. ఆయనకి తెలీక జరిగింది. ఎవరి ప్రాణం మీదికీ తేవాలని చేసింది కాదు కదా. ఆయన్నేమీ అడక్కు, ఇప్పటికే సగమైపోయారు. చేసింది ఆయనైతే అడగాల్సింది నేనే కదా."

చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. మాటిచ్చాను గదా అని మింగేసి, దాన్ని ఇంట్లో కూర్చోబెట్టి, షెడ్డుకి పరిగెత్తాను.

"బావా, అక్క ఇంటింటికీ తిరిగి నీ బదులు క్షమాపణలు అడుగుతోంది. నీ మిషనే అందరినీ జబ్బు చేసిందని నమ్ముతోంది. నమ్మి నిన్ను క్షమించేసింది కూడా. చాలా, ఇంకా కావాలా?"

ఆ సాయంత్రమే పైపులు ఊడబీకాడు, డ్రమ్ము పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు. కోర్టులో ఏం చెబుతావంటే మాత్రం నోరు విప్పలేదు.

కోర్టంటే పెద్ద హాలనుకున్నాను. తీరా చూస్తే మా షాపుకి నాలుగింతలు ఉంటుందేమో. ఒక పక్క ఊగుతూ తిరిగే ఫ్యాను, కూర్చుంటే కిర్రుమనే బెంచీలు, కిటికీ పక్కన పాత కాగితాల కట్టలు. వీధంతా వచ్చేసింది. కంపెనీ లాయరు ఎదుట బల్ల మీద ఆ కంపెనీ నీళ్ళ బాటిల్ ఒకటి అందరికీ కనపడేలా నిలబెట్టాడు. తాగడానికి మాత్రం ఇంటి నుంచి స్టీలు సీసాలో నీళ్ళు తెచ్చుకున్నాడు. లాయరమ్మ ఆ రెండింటినీ మార్చి మార్చి చూసి, పాపం ఒక్క మాటా అనలేదు. జడ్జిగారు కూడా చూసేదాకా ఊరికే అలా చూస్తూ ఉంది.

కంపెనీ లాయరు పిలిస్తే ముందు హెడ్మాస్టరు గారు బోనెక్కారు. క్యాన్లకి సీలుండేది కాదనీ, విప్పి వడకడతానని మా బావే తనతో చెప్పాడనీ, తన మోకాళ్ళ కోసం ప్రత్యేకంగా తెచ్చేవాడనీ పూసగుచ్చినట్టు చెప్పారు. కంపెనీ లాయరు మొహం వెలిగిపోయింది. తర్వాత టైలరుని పిలిచాడు. షెడ్డు వెనక గోడకి అవతలే ఆయన కుట్టు గది.

"ఆ మిషను మీరు చూశారా?"

"చూళ్ళేదండీ. విన్నాను. రోజూ మధ్యాహ్నం నడుస్తుంది. దాని దెబ్బకి నా గోడ అదురుతుంది."

"ఎలాంటి చప్పుడు? కోర్టువారికి వివరంగా చెప్పండి."

టైలరు పద్ధతిగల మనిషి. చెప్పడం కంటే చేసి చూపిస్తే మేలనుకున్నాడు. గొంతు సవరించుకుని, తల కొంచెం వెనక్కి వాల్చి మొదలుపెట్టాడు. "ముందు గుర్ర్‌ర్... గుర్ర్‌ర్... అని అందుకుంటుందండీ. అలా పెరిగి పెరిగి, టక్కున ఆగిపోతుంది. కరెంటు పోయిందేమో అనుకుంటాం. అప్పుడు ఫీ... అని సన్నగా ఈల. ఆవిరి వదుల్తుందనుకుంటానండీ. చివర్లో రెండుసార్లు చప్, చప్ అని నీళ్ళ చప్పుడు. మళ్ళీ గుర్ర్‌ర్..."

అక్క నా పక్కనే కూర్చుని, అప్పటిదాకా నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. ఈల దగ్గర దాని పట్టు సడలింది. చప్ చప్ దగ్గర చెయ్యి వదిలేసింది. నేను మొహంలోకి చూశాను. ముందు ఏదో గుర్తొచ్చినట్టు కళ్ళు చిన్నవయ్యాయి, తర్వాత నోరు తెరుచుకుంది. మా బావ ముందు బెంచీలో తల వంచుకుని నేలలోకి దిగిపోతున్నాడు.

అక్క లేచి నిలబడింది. పదిమందిలో గట్టిగా దగ్గడానికి కూడా సిగ్గుపడే మనిషి.

"అయ్యా, అది మిషను కాదండీ" అంది.

జడ్జిగారు తలెత్తారు. "ఎవరమ్మా నువ్వు?"

"ఆ మిషను భార్యనండీ."

హాలంతా గొల్లుమంది. జడ్జిగారు బల్ల మీద కొట్టి, మొహం కాగితాల్లో దాచుకుని, కాసేపటికి గానీ బయటికి తీయలేకపోయారు. లాయరమ్మ ఒక్క ఉదుటున లేచి, అక్కని సాక్షిగా తీసుకోవడానికి అనుమతి అడిగింది. అక్క బోనులోకెళ్ళి, అది మా ఆయన గురకండీ, పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్నాను, ఆ ఈల జలుబు చేస్తే ఇంకా పెరుగుతుందండీ అని నెమ్మదిగా చెప్పింది. టైలరు కూడా బెంచీలోంచి, "ఆవిడ చెప్పాక నాకూ అలాగే అనిపిస్తోందండీ" అన్నాడు.

కంపెనీ లాయరు ఊరుకుంటాడా? వెటకారంగా నవ్వి, "మొగుణ్ణి కాపాడుకోవడానికి ఏ ఆడదైనా ఇలాగే చెబుతుందండీ. ఈవిడ కోర్టులో పచ్చి అబద్ధం ఆడుతోంది" అన్నాడు.

మా బావ ఎలా లేచాడో తెలీదు, బెంచీ వెనక్కి పడిపోయింది.

"ఆవిడా? అబద్ధమా?" అన్నాడు. "మా ఇంట్లో ఆ పని నేనొక్కణ్ణే చేస్తానండీ! ఆవిడకి చేతకాదు. నన్నడగండి. బోనెక్కించి నన్నడగండి!"

ఎక్కించారు. మిషను లేదన్నాడు. ఎప్పుడూ లేదన్నాడు. షెడ్డులో మంచం, దిండ్లు, ఫ్యాను ఉన్నాయన్నాడు. హెడ్మాస్టరు గారి క్యాను కిందికీ పైకీ మోసింది కూడా చెప్పేశాడు. మాస్టారు కూర్చున్నచోటే మోకాలు పట్టుకున్నారు.

"మరి సీళ్ళెందుకు పీకావు?" అన్నాడు కంపెనీ లాయరు.

"విప్పినట్టు కనపడాలని."

"అంటే విప్పావన్నమాట."

"లేదండీ. విప్పినట్టు కనపడాలని."

"చెయ్యని పని చేసినట్టు ఎవడైనా ఎందుకు చెప్పుకుంటాడయ్యా?" ఇది అడిగింది జడ్జిగారు, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

బావ బోను కర్రని రెండు చేతులా పట్టుకున్నాడు. "ఊరికే మోసుకొచ్చేవాణ్ణి ఎవరూ మొహం ఎత్తి చూడరండీ. 'అక్కడ పెట్టు' అంటారు, అంతే. మిషనుందన్నాక కూర్చోమన్నారు. టీ ఇచ్చారు. ఎలా ఉన్నావని అడిగారు." కర్ర మీది చేతులు తీసేశాడు. "పని మాత్రం మోయడమే చేశానండీ. పాడుచెయ్యాలన్నా నీళ్ళని ముట్టుకోవాలి కదా. అంత కష్టం నేనెప్పుడూ పడలేదు."

ఈసారి హాలు నవ్వలేదు. సగంమంది తల దించుకున్నారు, నాతో సహా.

మూత బిగించింది బిగించినట్టే ఉండేదని వీధివాళ్ళు కూడా ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. ఇక ప్లాంటు చూడక తప్పదని జడ్జిగారు మనుషుల్ని పంపారు. వాళ్ళెళ్ళి చూస్తే నేలలో మురుగు పైపు పగిలి మంచినీళ్ళ తొట్టిలోకి ఊరుతోందట. కేసు మేం గెలిచాం. ఆసుపత్రి ఖర్చులన్నీ కంపెనీ నెత్తినే పడ్డాయి. అది తర్వాతి సంగతి.

ఆ రోజు కోర్టు నుంచి వస్తుంటే దారి పొడుగునా ఎవరో ఒకరు గుర్ర్‌ర్ అనడం, ఇంకొకరు ఫీ అని ఈల వేయడం. బావ దులిపేసుకుని నడిచాడు. దానికి ఆయన బాధపడలేదు. అక్క ఒక్క మాట కూడా మాట్లాడకపోవడమే ఆయన్ని తినేస్తోంది. ఇంటికొచ్చి అక్క గోడకి ఆనుకుని కూర్చుంది. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏదో ఒకటి అను. తిట్టు" అన్నాడు.

"తిట్టడానికేముందండీ. అందరి ముందూ నిజం చెప్పారు. మీ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. నాకదే చాలు." కొంగు సర్దుకుంది. "ఒక్కటి అడుగుతాను. రోజూ మధ్యాహ్నం పడుకునేవారా?"

"ఊఁ."

"రోజూనా?"

"ఆదివారం కూడా" అన్నాడు ఆ మహానుభావుడు. నిజం చెప్పడం కొత్త కదా, ఎక్కడ ఆపాలో తెలీలేదు.

అక్క తల ఊపింది. ఏడవలేదు, గొంతు కూడా పెంచలేదు. "నాకూ మధ్యాహ్నమైతే కళ్ళు మూసుకుపోయేవండీ. మీరక్కడ బొగ్గు దుమ్ములో కష్టపడుతుంటే నేనిక్కడ నడుం వాలిస్తే ఏం బాగుంటుందని, లేచి మొహం కడుక్కుని ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్క మధ్యాహ్నం పడుకోలేదు నేను. ఆసుపత్రిలో పడుకున్నవే."

మా బావ నోరు తెరిచాడు. ఎంతమంది ఎన్ని అడిగినా తడుముకోని నోరు అది. అందులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. నాకు ఆయన్ని కొట్టాలనిపించింది, అక్కని పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చెయ్యలేక ఇంటికొచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం అక్కని చూద్దామని వెళ్తే గుమ్మం ముందు హెడ్మాస్టరు గారు కర్ర నేలకేసి కొడుతూ అరుస్తున్నారు. "నా మోకాళ్ళతో ఆడుకుంటావురా? నిన్నటి నుంచీ మళ్ళీ నొప్పులు మొదలయ్యాయి! నువ్వు మనిషివేనా?" చుట్టుపక్కల కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

బావ మెట్టు మీద కూర్చుని, నోటి మీద వేలు పెట్టుకుని, రెండో చెయ్యి జోడించినట్టు గాల్లో ఊపుతున్నాడు.

"మీ కాళ్ళు పట్టుకుంటాను మాస్టారూ, తిట్టండి. ఎంతసేపైనా తిట్టండి. కొంచెం మెల్లిగా తిట్టండి, మా ఆవిడ పడుకుంది."

మాస్టారు తెరిచిన తలుపులోంచి లోపలికి తొంగి చూశారు. తర్వాత కర్ర గోడకి ఆనించి, మెట్టు మీద బావ పక్కనే కష్టం మీద కూర్చుని, గొంతు తగ్గించి మొదటి నుంచీ మొదలుపెట్టారు.